విద్యకు సూతకము లేదు

శరణధర్మము పంచసూతకములను త్రోసిపుచ్చినది. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఈ ఐదింటివలనను ఇష్టలింగధారికి మైల అంటదని పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందలి శరణులు నిశ్చయించిరి. వీనిలో జననము, రజస్సు స్త్రీని దూరముంచుటకును, జాతి శ్రమజీవిని దూరముంచుటకును సాకులైనవి. ఈ నిశ్చయము పూజాగృహమునకే పరిమితమా, లేక విద్యాలయమునకును, ఉద్యోగమునకును వర్తించునా అనునది నేడు విచారింపదగిన విషయము.

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనది. చదువుకొన్న యువతులకు అచట అనేక ఉద్యోగములు లభించుచున్నవి. అయితే విమానయానమున స్త్రీలు ఈ స్థితికి సులభముగా చేరలేదు. ఒకప్పుడు ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భవతి అయినచో ఉద్యోగము కోల్పోవలసియుండెను. నర్గేష్ మీర్జా వ్యాజ్యమున 1981లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసినది. జననసూతకమునకు అది లౌకికరూపము.

న్యాయస్థానము కొట్టివేసిన ఆ నిబంధన అనేక గృహములలో నేటికిని చెల్లుచున్నది. కుమార్తెను అప్పుచేసి ఇంజనీరింగు చదివించిన తండ్రియే సంబంధము కుదిరిన నాడు "ఉద్యోగము సంగతి అత్తవారి ఇష్టము" అనును. పరిశోధనలో చేరిన కోడలికి కాన్పు కాగానే ఆమె పుస్తకములు అటకెక్కును. ప్రసవసమయమునను ఆమె మెడలోని లింగమును ఎవరును తీయరు. లింగధారణకు అడ్డురాని మాతృత్వము విద్యకేల అడ్డురావలెను?

బిడ్డను సాకువారెవరని పెద్దలు ప్రశ్నింతురు. అది న్యాయమైన ప్రశ్నయే. కాని దాని భారము తల్లిమీదనే మోపుట న్యాయము కాదు. ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించిన బియ్యము తెచ్చినపుడు భార్య లక్కమ్మ వానిని తిరిగి ఇచ్చిరమ్మని చెప్పినది, ఆయన పాటించెను. కాయకమునందు దంపతులు సమానులైనపుడు బిడ్డను పెంచుటయు ఇరువురి కాయకమే.

జాతిసూతకము మాట యేమి? 1924లో స్థాపితమైన హైదరాబాదు కోఠి మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఆమె తన భూమికై పోరాడిన పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధము. ఆ సోమనాథుడే బసవపురాణమున మడివాలు మాచయ్య మహిమను కీర్తించెను. చాకలి వృత్తిచేసిన మాచయ్యను శరణుడని పూజించు కుటుంబపు విద్యార్థి, ఆ వృత్తివారి కుమార్తె తన ప్రక్కన కూర్చున్నపుడు రిజర్వేషను సీటని చులకన చేసినచో ఆ పూజకు అర్థమేమి? ర్యాంకు అడుగు నెపమున కులమును ఆరాతీయుటయు జాతిసూతకమే.

ప్రవేశము లభించినంతమాత్రమున సమత్వము సిద్ధింపదు. అక్కమహాదేవి అనుభవమంటపమున శ్రోతగా మాత్రమే కూర్చుండలేదు. అల్లమప్రభువు ప్రశ్నలకు ఎదురునిలిచి సమాధానమిచ్చినది. అట్లే నేటి విద్యావతియు ఆచార్యపీఠము వరకు, నిర్ణయములు చేయు సభల వరకు చేరవలెను.

ఇందుకు మఠములు చేయదగినది కలదు. నగరమునకు చదువుకొనవచ్చు బాలికలకు కులభేదము లేక వసతి కల్పింపవచ్చును. పసిబిడ్డల తల్లులు చదువు ముగించుటకు దాసోహనిధినుండి తోడ్పడవచ్చును. వివాహము నిశ్చయించునపుడు వధువు విద్యోద్యోగములు కొనసాగునని జంగమసన్నిధిని ఇరువైపుల పెద్దలచే మాట ఇప్పింపవచ్చును. లగ్నపత్రికతోపాటు ఈ మాటయు ఆచారమైన నాడు, పంచసూతకములను విడిచితిమని చెప్పుకొనుటకు శరణసమాజమునకు అర్హత కలుగును.