కన్ను చెప్పినట్టు చెయ్యి

బిడ్డా,

మొన్న ఫోన్ల నీ గొంతు విన్నప్పటి సంది నాకు నిద్ర సక్కగ పట్టలేదు. నెల రోజుల సంది పొద్దుగాల్నే లేచి ఉప్పల్ దిక్కు గ్రౌండుకు పోతున్నవ్. బాణాలన్నీ ఎడమ దిక్కే పోతున్నయ్, కొన్ని టార్గెట్‌నే దాటి వెనక వలల పడుతున్నయ్. "నాకు గురి లేదు తాతా, బంద్ చేస్త" అన్నవ్.

పోయిన ఐతారం ఘట్‌కేసర్ల మన డాబా మీద చేసిన పని యాదికి తెచ్చుకో. రెండు చేతులు ముందుకు చాపి, అరచేతుల నడుమ రూపాయి బిళ్లంత సందు పెట్టి, రెండు కండ్లూ తెరిచే ఉంచి, దూరంగ ఉన్న రైలు పట్టాల కరెంటు స్తంభాన్ని ఆ సందుల నుంచి చూడమన్న. చూసుకుంటనే చేతులు మెల్లగ ముఖం దగ్గరికి తెమ్మన్న. మూడుసార్లు చేసినవ్. మూడుసార్లూ ఆ సందు నీ ఎడమకంటి మీదికే వచ్చింది. నువ్వు రాసేది, తినేది, బాల్ విసిరేది మాత్రం కుడిచేత్తోటి. అగో, గదీ నీ బాణాల సంగతి. దానికి నువ్వు ఏడ్చుడెందుకు?

ఇది రోగం కాదు బిడ్డా. పదిమందిల తొమ్మిదిమందిది కుడిచేతి వాటమే. కంటి కాడికి వచ్చేసరికి లెక్క మారుతది, మూడోవంతు మందికి ఎడమకన్నే ముందు నడుస్తది. రెండు కండ్లూ చూస్తయ్ గని, గురి పెట్టేటప్పుడు మెదడు ఒక్కదాని మాటే వింటది. అన్నం కలిపేటప్పుడు, బండి నడిపేటప్పుడు ఈ తేడా ఎవ్వరికీ తెల్వది. విల్లు పట్టినోళ్లకు, తుపాకి పట్టినోళ్లకు తెలుస్తది.

నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఫిట్టర్‌గ చేసినోణ్ని, నాకు కొలత చెప్పకపోతే మనసున పట్టది. నువ్వు కుడిచేత్తోటి నారి లాగి గదువ కింద ఆనిస్తే బాణం తోక కుడికంటి కింద ఉంటది. మొనను టార్గెట్ మీద పెట్టేది మాత్రం ఎడమకన్ను. రెండు కండ్ల నడుమ దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. కంటి నుంచి మొన దాకా 70 సెంటీమీటర్లు అనుకో. 18 మీటర్ల కాడికి పోయేసరికి ఆ ఆరు సెంటీమీటర్లే పెరిగి ఒకటిన్నర మీటర్లయితయ్. ఇండోర్ పోటీల 18 మీటర్లకు పెట్టే పేపరు వెడల్పు మొత్తం 40 సెంటీమీటర్లే. మరి బాణం వలల పడక ఏం జేస్తది? షాఫ్ట్ ఒక కొసన వెంట్రుక మందం జరిగితే రెండో కొసన ఎంత ఊగుతదో చూసి చూసి మా కండ్లు కాయలు కాసినయ్. గిదీ గంతే.

విల్లు మీద గురి చూసే సైటు పిన్నును ఎడమకు జరుపుకుంటే సరిపోతది అన్నరట కదా ఎవరో. బాణం ఎటు పోతే పిన్నును అటే జరపాలన్నది సూత్రమే, తప్పు కాదు. కానీ ఎడమకన్ను రోజంతా ఒక్కతీరుగ పెత్తనం చెయ్యదు. జర అలసిపోంగనే కుడికన్ను అందుకుంటది. అప్పుడు బాణాలు రెండు కుప్పలైతయ్, ఒకటి ఇటు, ఒకటి అటు. నీ పేపరు ఫోటో చూసిన, ఆఖరి రౌండుల గట్లనే ఉన్నది. ఏ కన్ను చూస్తున్నదో పట్టుకునే ఉపాయం ఒకటున్నది. నిండుగ లాగినప్పుడు నారి కంటికి మరీ దగ్గర కాబట్టి మసక గీత లెక్క, సైటు పక్క పొంటి కనబడాలె. ఆ గీత కనబడకపోయినా, ఎక్కడో కుడి కొసకు జరిగినట్టున్నా, చూసేది ఎడమకన్నే అని తెలుసుకో.

ఇగ ఏం చెయ్యాలె? రెండు తొవ్వలున్నయ్. ఎడమకంటిని కమ్మి కుడిచేత్తోటే కొట్టుడు ఒకటి. చేతులనే మార్చి, విల్లు కుడిచేత్తోటి పట్టి, నారి ఎడమచేత్తోటి లాగుడు ఇంకొకటి.

ఈ రెండో మాట చెప్పనీకి నా నోరు రెండు రోజులు లేవలేదు. ఎందుకో నీకు తెల్వదు. నేను పుట్టుకతోటి పుర్రచేతోణ్ని. పలక మీద ఎడమచేత్తోటి రాస్తే సారు ఆ వేళ్ల మీదనే బెత్తం తోటి కొట్టి, కుడిచేతికి బలపం పెట్టిండు. ఆరునెలలు నా అక్షరాలు కోడి గీకినట్టే ఉండె, కొన్ని దినాలు మాట సుత తడబడ్డది. ఇప్పటికీ సంతకం కుడిచెయ్యి పెడ్తది, ఆకురాయి మాత్రం ఎడమచెయ్యే రుద్దుతది. ఇందుల ఒక విచిత్రమున్నది. రాడ్ వంకరున్నదా లేదా అని చూసేటందుకు నేనెప్పుడూ ఎడమకన్ను మూసి కుడికంటితోటే చూస్తుంటి. అంటే నాదీ నీ తీరుదే, కాకపోతే తిరగేసి. సారు కొట్టి చెయ్యి మార్చిండు గనుక నా కన్నూ చెయ్యీ ఒక్క దిక్కయినయ్ అని మీ మామ నవ్వుతడు. నాకైతే నవ్వు రాదు. గసొంటి నేను నా మనుమరాలికి చెయ్యి మార్చుకొమ్మని ఎట్ల చెప్పాలె?

అయినా చెప్తున్న, మార్చుకో. నన్ను మార్చిన మనిషి నేనెట్లున్ననో చూడలే, లోకం ఎట్లుండాలెనో చూసిండు. ఇక్కడ నీ కన్ను ఎట్లున్నదో చూసి చెయ్యి దాని వెంట పోతున్నది. నువ్వు మొదలువెట్టి నెల రోజులే, 16 పౌన్ల విల్లు. కుడి దిక్కు నువ్వు నేర్చింది ఇంకా ఒంట్ల దిగలేదు, కాబట్టి పోయేదేం లేదు. ఎడమ బాహువుకు బలం రెండు మూడు నెలలల్ల వస్తది. కంటి వాటం మాత్రం అడిగినంత మాత్రాన మారది. అదిగాక విలువిద్యల రెండు చేతులకూ పని సమానమే. పట్టిన చెయ్యి నెట్టాలె, లాగిన చెయ్యి ఆగాలె. నీ కుడిచెయ్యి విల్లు పడితే కదలకుండ నిలబడ్తది, అది లాభమే. పదేండ్లు కొట్టినోళ్లయితే నేను ఈ మాట చెప్పకపోదు, కన్నే కమ్ముకొమ్మందు.

కమ్ముడంటే గట్టిగ మూసుకొనుడు కాదు. కన్ను బిగబట్టి మూస్తే చెంప, మెడ, భుజం అన్నీ బిగుసుకపోతయ్, ఆరు బాణాలకే అలసట. అద్దాల ఎడమ గాజు మీద పాల రంగు టేపు అంటించుకుంటే వెలుతురు వస్తది, గురి రాదు. వెలుతురే రాకుండ నల్లగ కమ్మితే రెండో కంటి పాప సుత పెద్దగయితది. టేపుకు, కంటి పట్టీకి పోటీ నియమాలు ఒప్పుకుంటయ్. కాంపౌండ్ విల్లయితే నారిల పీప్ అని చిన్న రంధ్రముంటది, అది కుడికంటిని చూడమని బలవంతం చేస్తది, గనుక వాళ్లకు తిప్పలు జర తక్కువ. నీది రికర్వ్ కాబట్టి ఆ సౌలతు లేదు.

చెయ్యి మార్చేదానికన్న ముందు ఒకసారి కంటి డాక్టర్‌కు చూపించుకో. ఒక్కోపారి కుడికంటికి చూపు తగ్గి ఎడమది ముందుకొస్తది, అద్దాలు పెడితే లెక్క వేరే అయితది. ఇంకోటి, మీ మామ పుట్టినరోజుకు విల్లు కొనిస్తనన్నడట. జర ఆగుమని చెప్పు. ఈ కొత్త విండ్ల నడిమి పిడికి, అంటే రైజర్‌కు ఒక్క దిక్కే గాడి ఉంటది. కుడిచేతి వాటంది ఎడమోళ్లకు పనికిరాదు. ఆదిలాబాద్ గోండుల వెదురు విల్లయితే ఎటన్న పట్టుకోవచ్చు, వేలకు వేలు పెట్టి కొన్నదానికి ఆ సుఖం లేదు.

ఊర్ల వానలు పడకపోతే విరాటపర్వం చదివిస్తరు కదా, చిన్నప్పుడు నేను ఏదులాబాద్ దిక్కు పోయి కూసుండి వినేటోణ్ని. జమ్మిచెట్టు కాడ అర్జునుడు తన పది పేర్లు ఉత్తరునికి చెప్తడు, అందుల సవ్యసాచి ఒకటి. ఎడమచేత్తోటి సుత నారి లాగి కొట్టగలిగినోడు అని దాని అర్థం. ఆ పేరును తిట్టనుకున్నోళ్లు ఎవ్వరూ లేరు. ఏకలవ్యుని బొటనవేలు సంగతి అడిగినవ్ కదా, ఇప్పటి పోటీల మూడు వేళ్ల తోటే లాగుతరు, బొటనవేలు ముడుచుకుంటది. ఆ కత వింటే నాకు ఇప్పటికీ కడుపు మండుతది గని, గది వేరే ముచ్చట.

ఒంటికి తగ్గట్టు ఆట మలుచుకున్నోళ్లు శానమంది ఉన్నరు. జమ్మూ దిక్కు శీతల్ దేవికి పుట్టుకతోటి చేతులే లేవు. కాలితోటి విల్లు పట్టి, భుజం తోటి నారి లాగి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చింది. కొరియా పిలగాడు ఇమ్ డాంగ్ హ్యున్‌కు చూపు మరీ తక్కువ, అయినా 2012 లండన్‌ల 72 బాణాలకు 720ల 699 కొట్టి ప్రపంచ రికార్డు పెట్టిండు. మన విజయవాడ బిడ్డ జ్యోతి సురేఖ నాలుగేండ్లకే కృష్ణానది ఈదింది, పెద్దగయినంక విల్లు పట్టి హాంగ్‌జౌ ఆసియా ఆటలల్ల మూడు బంగారాలు తెచ్చింది. పెద్దపల్లి జిల్లా పిల్ల చికిత 2025ల కెనడా పోయి 21 ఏండ్ల లోపోళ్లల్ల ప్రపంచ ఛాంపియన్ అయింది. వాళ్లంత కావాలెనని నేను అనుడు లేదు. నువ్వు వలల బాణం ఏరుకొనుడు బంద్ అయితే నాకు అంతే చాలు.

రేపు మీ కోచ్ తోటి మంచిగ మాట్లాడు. "సార్, నాది ఎడమకన్ను, నెల రోజులు ఎడమచేత్తోటి చూస్త" అను. ఎడమోళ్ల విల్లు ఒకటి గ్రౌండుల ఉంటే అడుగు, లేకపోతే రబ్బరు పట్టీ తోటి మొదలువెట్టు. దినాం ఇరువై సార్లు అద్దం ముంగట ఎడమచేత్తోటి లాగి, గదువ కింద ఆనించి, పది లెక్కపెట్టు. బాణం లేకుండ ఉత్త విల్లు లాగి మాత్రం విడిచిపెట్టకు, విల్లు పగులుతది. మొదటి వారం వంకరటింకరగనే ఉంటది, నా పలక మీది అక్షరాల లెక్క. కానీ నిన్ను కొట్టేటోళ్లు ఎవ్వరూ లేరు.

ఐతారం రా. అమ్మమ్మ సర్వపిండి చేస్తనంటున్నది. ఈ చెయ్యి మార్చే ముచ్చట ఆమెకు చెప్పిన, విల్లు కాడ ఏ చెయ్యైనా పెట్టుకోనీ గని పళ్లెం కాడ ఎడమచెయ్యి పెడితే మాత్రం ఊకోను అన్నది.

మీ తాత