భవనానికి మనిషి అడ్డమా?

మా కళాశాలలో చదివే కుర్రాడొకడు కిందటేడు పాత ఫిల్ము కెమేరా ఒకటి సంపాదించాడు. ఆదివారాలు అది మెడలో వేసుకుని జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ రోడ్ల వెంట తిరిగి భవనాల ఫోటోలు తీశాడు. రీలు పూర్తి కాగానే కడిగించి, 36 బొమ్మలూ తెచ్చి నా బల్ల మీద పరిచాడు. బాగున్నాయి. గాజుగోడల మీద మబ్బులు, బండరాళ్ళను ఆనుకుని లేచిన మేడలు, స్టూడియోల ప్రహరీలు, డాబా అంచుల మీద సాయంకాలపు ఎండ, అన్నీ పొందికగా కుదిరాయి. అయితే 36 బొమ్మల్లోనూ ఒక్క మనిషి లేడు.

అంత రద్దీ వుండే చోట మనిషన్నవాడు లేకుండా ఎల్లా తీశావని అడిగాను. "ఓపిక పట్టాను సార్. ఒక గేటు దగ్గర ముప్పావుగంట నిలబడ్డాను. వాచ్‌మన్ అడ్డం వస్తూనే వున్నాడు," అన్నాడు.

ఈ కుర్రాడికి శ్రీశ్రీ "దేశచరిత్రలు" కంఠతా వచ్చు. మా సాహిత్య సభలో గొంతెత్తి చదివాడు కూడా. కట్టడాలకు రాళ్ళు మోసినవాళ్ళెవరని అడిగే ఆ గీతం చదివిన నోటితోనే, ఆ గేటు దగ్గర నిలబడ్డ మనిషిని "అడ్డం" అన్నాడు. ఇందులో కపటం లేదు. తను ఒక నీతి ప్రశ్నకు జవాబు చెబుతున్నానన్న స్పృహే అతనికి లేదు. ఇది తన అభిరుచికి సంబంధించిన సంగతి మాత్రమేనని అతని నమ్మకం. నాకు మటుకు అల్లా తోచలేదు.

ముందు అతని పక్షాన చెప్పవలసింది చెబుతాను. ఏ కళ అయినా ఎంపిక మీదే నడుస్తుంది. కథకుడు లోకంలో వున్నదంతా కథలో పెట్టడు. నిర్మాణ సౌష్ఠవాన్ని, గోడకూ వెలుతురుకూ గల సంబంధాన్ని చూపదలచినవాడు మనిషిని వదిలేస్తే అది నేరమని అనలేము. మనిషి మొహం కనిపించగానే మన చూపు దాని మీదికి పోతుంది, గోడ వెనకబడుతుంది. అంచేత వదిలివేత అంతా అబద్ధమనే వాదం నిలవదు.

మరి ఎంపిక ఎక్కడ అబద్ధమవుతుంది? నా వుద్దేశంలో, చూపిన దానికి ఏది కారణమో దానినే ప్రతిసారీ, అలవాటు కొద్దీ, వదిలేసినప్పుడు అవుతుంది. ఒక బొమ్మలో మనిషి లేకపోవటం కూర్పుకు సంబంధించిన సంగతి. 36 బొమ్మల్లోనూ లేకపోవటం ఒక దృక్పథం. భవనం తనంతట తానే మొలిచిందనీ, తనంతట తానే శుభ్రంగా వుంటుందనీ చెప్పే దృక్పథం అది. ఇంటి యజమాని తన ఇంటిని గురించి ఏమనుకుంటాడో సరిగ్గా అదే.

ఛాయాచిత్రం పుట్టిన తొలినాళ్ళలో ఈ వదిలివేత మనుషుల ఇష్టాన్ని బట్టి జరిగింది కాదు. 1838లో డగేర్ పారిస్ వీధి నొకదాన్ని తీసినప్పుడు, ఆ ఫలకం మీద వెలుతురు చాలాసేపు పడవలసి వచ్చింది. నడిచేవాళ్ళూ బళ్ళూ ఆనవాలు లేకుండా పోయారు. నడిబజారు నిర్మానుష్యంగా కనిపిస్తుంది. ఒక మూల మటుకు బూట్లు తుడిపించుకునే ఆసామీ, అతని కాలి దగ్గర తుడిచేవాడూ మిగిలారు. ఆసామీని ఆ కాసేపూ కదలకుండా నిలబెట్టింది తుడిచేవాడి పనే. రసాయనానికి వర్గదృష్టి లేదు. కదిలినవాణ్ణి చెరిపింది, నిలిచినవాణ్ణి వుంచింది. సెకనులో నూరో వంతులో బొమ్మ పట్టగల కెమేరా చేతికొచ్చిన తరవాత, మనం ముప్పావుగంట నిలబడి వాచ్‌మన్‌ను చెరుపుతున్నాము. ఆనాటి ఫలకం చేతకాక చేసినదాన్ని ఈనాడు మనం పనిగట్టుకుని చేస్తున్నాము.

మన హైదరాబాదు చరిత్రే చూడండి. రాజా దీనదయాళ్ (1844–1905) రూర్కీలో ఇంజనీరింగు చదివినవాడు. గోడ ఎల్లా లేస్తుందో తెలిసినవాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరి ఫలక్‌నుమా వంటి భవనాలను గాజు ఫలకాల మీద అద్భుతంగా తీశాడు. ఆ మేడల బొమ్మల్లో కట్టినవాళ్ళ జాడ వెతికి లాభం లేదు. కాని అదే దీనదయాళ్, 19వ శతాబ్దం చివరి కరువులో నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయ పనులనూ తీశాడు. అక్కడ బీదలు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. ఎందుకని? అక్కడ చూపవలసింది ప్రభువు దయ. ఆ దయకు బీదవాడు రుజువు. మేడకు అడ్డమైన మనిషే ధర్మానికి సాక్ష్యంగా పనికివచ్చాడు.

దీన్నిబట్టి తేలేదేమంటే, బొమ్మలో శ్రామికుణ్ణి నిలబెట్టినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. కొందరు ఛాయాగ్రాహకులు గోడ ఎత్తు తెలియటానికి పక్కన ఒక మనిషిని నిలబెడతారు. అక్కడ మనిషి కొలబద్ద. మరికొందరు రంగు కోసం తట్ట మోసే ఆడమనిషిని పెడతారు. అక్కడ ఆమె అలంకారం. మనిషి వున్నాడా లేడా అన్నదాని కంటే, ఆ భవనంతో అతనికి గల సంబంధం మన బొమ్మలో తెలుస్తున్నదా లేదా అన్నది పెద్ద ప్రశ్న.

ఈ ప్రశ్న ఫిల్మ్‌నగర్‌లో మరింత పదునుగా ఎదురవుతుంది. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివస్తూ, 1970ల మధ్య నుంచి ఈ రాతిగుట్టల మీద స్టూడియోలు లేపింది. కెమేరా కోసమే భవనాలు కట్టటం ఇక్కడి వృత్తి. ప్లైవుడ్డుతో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో జమీందారు మేడ లేస్తుంది. దానికి ముందు గోడే వుంటుంది, వెనక కర్రలు. వడ్రంగులూ పెయింటర్లూ రాత్రింబగళ్ళు పనిచేసి నిలబెడతారు, షూటింగు కాగానే విప్పేస్తారు. దాన్ని ఎవరూ మోసమనరు. అది సెట్టని అందరికీ తెలుసు. కాని ఆ పక్క రోడ్డులో నిజంగా కట్టిన మేడను, కట్టినవాడూ కాపలా వున్నవాడూ లేకుండా తీసి, ఇదే నగరమని చూపితే, దాన్నీ సెట్టుగా మార్చామన్న మాట. సెట్టు తన సంగతి దాచుకోదు. మన బొమ్మ దాచుకుంటుంది.

2016 జులైలో ఫిల్మ్‌నగర్ కల్చరల్ సెంటర్ దగ్గర కడుతున్న పోర్టికో కూలి ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు. ఆ మర్నాడు పత్రికల్లో అచ్చయిన ఫోటోల్లో సెంట్రింగు కర్రలూ, వంగిన ఇనప చువ్వలూ, పనివాళ్ళూ కనిపించారు. కట్టడం నిలిచివుంటే ఆ పనివాళ్ళు ఏ బొమ్మలోకీ వచ్చేవాళ్ళు కారు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి నగరాన్ని కట్టిన మనిషి, కట్టిందేదో తన మీద కూలితే తప్ప మన కంటికి ఆనకపోవటం మన చూపులోని లోపం. కెమేరాలోని లోపం కాదు.

ఫిల్ము వాడేవాళ్ళు తమ పద్ధతి ఎక్కువ నిజాయితీ గలదంటారు. ఇందులో సగమే సత్యం. ఫిల్ము కూడా సరుకే: వెండి లవణాలు, పశువుల ఎముకల నుంచీ చర్మాల నుంచీ తీసిన జెలటిన్. 1960లో స్థాపించిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ఊటీలో "ఇందు" పేరుతో ఫిల్ము తయారుచేసేది, అది మూతపడింది. ఇప్పుడు కుర్రాళ్ళు కొనేది దిగుమతి సరుకు.  ఆ సరుకులో నీతి ఏమీ లేదు. కాని వున్నవి 36 బొమ్మలే గనక, ప్రతి బొమ్మా ఒక నిర్ణయమవుతుంది. పొరపాటున వదిలేశానని చెప్పుకునే వీలు లేదు. ఫిల్ము మనిషికిచ్చేది పవిత్రత కాదు, బాధ్యత.

అల్లాగని భవనాలను తీయటం మానమని నేననను. 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్‌ను 2020లో పాత సచివాలయంతోపాటు కూల్చివేశారు. ఇక దాని గోడల పనితనం ఎవరైనా చూడాలంటే ఫోటోలే గతి. నవాబు కట్టించాడన్న కారణాన అది నవాబుకే చెందదు; రాళ్ళు చెక్కినవాళ్ళ విద్య అందులో వుంది. అది నేలమట్టమైతే నష్టం వాళ్ళ వారసులదీ, అనగా మనదీ.

ఇదంతా విని మా కుర్రాడు మళ్ళీ అదే గేటు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి వాచ్‌మన్‌ను పలకరించి, ఫోటో తీయనా అని అడిగాడు. "వద్దు తమ్మీ, సారు జూస్తే నౌకరి పోతది," అన్నాడతను. నా వాదానికి ఇది పెద్ద చిక్కే. అతన్ని చేర్చటం న్యాయమన్నాను. చేరిస్తే అతని కూడు పోతుంది. నా సిద్ధాంతం కోసం అతను వుద్యోగం పోగొట్టుకోవాలనటం, దయకు రుజువుగా బీదవాణ్ణి నిలబెట్టిన పని కంటే ఏం మెరుగు? అతని మాటే చెల్లాలి.

అప్పుడు కుర్రాడు అతనితో మాట్లాడుతూ కూర్చున్నాడు. ప్రహరీ కింద వదిలేసిన బండ మీద వరసగా నిలువు గాడులు వున్నాయి. అవి రాయిని చీల్చటానికి వేసిన డ్రిల్లు గుర్తులని అతనే చూపించాడు. తన బావ వడ్డె పని చేసేవాడనీ, ఇల్లాటి గుట్టల మీదే చేశాడనీ చెప్పాడు. కుర్రాడు ఆ గాడులు తీశాడు. గోడ కాంక్రీటులో సెంట్రింగు పలకల అచ్చులు తీశాడు. గేటు కమ్మీకి ఆరవేసిన తువ్వాలూ, పక్కన సద్దిగిన్నే తీశాడు. బొమ్మల వెనక తేదీ, రోడ్డు పేరు, ఆ పని ఎవరు చేస్తారో రాశాడు. వాచ్‌మన్ పేరు రాయలేదు.

ఆ బొమ్మలు మొదటివాటంత పొందికగా లేవు. రెండింట్లో వెలుతురు చాలలేదు కూడా. అయినా అందులోని గోడను చూస్తే, దాన్ని ఎవరో కట్టారని తెలుస్తుంది. తువ్వాలు బొమ్మ వాచ్‌మన్‌కు ఒకటి ఇచ్చావా అని అడిగాను. వచ్చే ఆదివారం ఇస్తానన్నాడు.