మబ్బు చూసి కొన్న టికెట్టు

మబ్బు పట్టిన పొద్దున సత్తెనపల్లి స్టేషన్లో నిలబడితే ఎటు పోవాలన్నా పట్టాలున్నాయి. ఎగువకి పిడుగురాళ్ల, నడికుడి. నడికుడిలో దారి చీలుతుంది. ఒకటి కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా సికింద్రాబాదుకి, ఇంకోటి గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకి. దిగువకి పోతే నల్లపాడు. అక్కడ విడిపోయే దారి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం దాటుకుని నల్లమల అడవిలోకి దూరుతుంది. ఇంకాస్త ముందుకు పోయి గుంటూరులో బండి మారితే తెనాలి, రేపల్లె, బాపట్ల, చీరాల. నది, జలపాతం, అడవి, సముద్రపు గాలి, అన్నీ పొద్దున పోయి రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినే దూరంలోనే ఉన్నాయి. పత్తికీ మిరపకీ పేరుపడ్డ మా ఊరికి ఇంత వైభవం ఉందని నాకు చూపించింది మా మేనకోడలు.

దానికి పదిహేనేళ్లు. ఆ వయసు పిల్లలకి ఫోను తప్ప మరేదీ పట్టదని అంటుంటారు. నేనొప్పుకోను. మేం వానని వెతుక్కునేది ఆ ఫోన్లోనే. మచిలీపట్నం రాడారు బొమ్మలో పచ్చటి మరకలు పసుపై, పసుపు ఎరుపై, మావైపు జరుగుతుంటే అది వంటింట్లోకి పరిగెత్తి అమ్మమ్మకి చూపిస్తుంది. మా అమ్మ ఆ బొమ్మని ఒకసారి చూసి, గోడమీది క్యాలెండరు కేసి తిరుగుతుంది.

“మఖ వచ్చిందిగా, పడకేం చేస్తది!”

ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. అది సేద్యం లెక్క. రాడారుది గంటల లెక్క. అమ్మమ్మ లెక్కా మనవరాలి లెక్కా కలిసిన రోజున మేం సంచి సర్దుతాం. ఆ ఇద్దరూ ఒక మబ్బు గురించి పోట్లాడుకుంటుంటే వినడం ప్రయాణంలో మొదటి మజిలీ.

అన్ని వానలకీ బయల్దేరం. ఈ నేలమీద వానకి కాలం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వాన పత్తి మొక్కకి ప్రాణం, మిరప నారుకి ప్రాణం. నవంబరుకి పత్తి పగిలి చేలన్నీ తెల్లబడి ఉంటాయి. ఫిబ్రవరి నుంచి మిరపకాయలు కళ్లాల్లో ఎర్రగా పరుచుకుని ఎండుతుంటాయి. అప్పుడు మబ్బేస్తే పట్టలు పట్టుకుని పరిగెత్తని ఇల్లుండదు. తడిసిన కాయకి గుంటూరు యార్డులో ధర పలకదు. ఏడాది పెట్టుబడి కళ్లం మీద నానుతుంటే, ఆ వాన అందంగా ఉందని కిటికీ పక్కన కూర్చుని చూడటం నావల్ల కాదు. ఈ మాట పిల్లకి ఒక్కసారే చెప్పాను. అప్పట్నుంచి అదే అడుగుతుంది, “మావయ్యా, ఈ వాన రైతులకి మంచిదేనా?” అని. మంచిదైతేనే టైంటేబుల్ తెరుస్తుంది.

టైంటేబుల్ చదవడం దానికొచ్చినంత బాగా నాకు రాదు. ముందు తిరుగు బండి పట్టుకుంటుంది. ఆఖరి బండి ఏదో చూస్తుంది. దాన్ని వదిలేసి, దాని ముందు బండిని మా బండిగా ఖాయం చేస్తుంది. ఆఖరిది ఆపద్ధర్మం. ఆ తర్వాతే ఎక్కడ దిగాలి, ఎంతసేపు ఉండొచ్చు అన్న ఆలోచన. వాన రోజున బండి ఆలస్యమవుతుందని తెలుసు కనుక ప్రతి మార్పు దగ్గరా గంట వదులు పెడుతుంది. ఇక టికెట్టు. దగ్గర దూరాలకి జనరల్ టికెట్టు తీసుకుంటే మూడు గంటల్లోపు గానీ, ఆ దారిన వచ్చే మొదటి బండికి గానీ బయల్దేరాలి. ముందురోజే కొని దాచుకునేది కాదు. మాకు అదే బాగుంది. మబ్బుని చూసి, వాసన చూసి, అమ్మమ్మ మాట విని, అప్పుడు కొనాలి.

ఒక జాగ్రత్త మాత్రం నేనే చెబుతాను. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ఎంత మంచి ప్రణాళికైనా మడిచి పెట్టాల్సిందే. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి విజయవాడ, కాజీపేటల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోయాయి. మనం ముచ్చటపడే వాన అది కాదు.

ముచ్చటపడే వాన ఎలా ఉంటుందంటే, తెల్లారకముందే మొదలై, చూరు నుంచి సన్నగా కారుతూ, తొమ్మిదింటికి కూడా దీపాలు ఆర్పనివ్వదు. అలాంటి రోజున పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. గుంటూరులో తెల్లవారుజామున బయల్దేరి వికారాబాదు పోయి, రాత్రికి వెనక్కొస్తుంది. సాధారణ బండి దొరికితే ఇంకా మేలు, రెడ్డిగూడెం, బెల్లంకొండ అన్నిటి దగ్గరా ఆగి పలకరిస్తుంది. ఈ దారి ఇంకా చాలావరకు సింగిల్ లైనే. ఎదురుబండి వచ్చేదాకా చిన్న స్టేషన్లో నిలబడిపోతాం. పెద్దవాళ్లు విసుక్కుంటారు. నాకు ఆ ఆగడం కోసమే వెళ్లాలనిపిస్తుంది. చక్రాల చప్పుడు ఆగిపోగానే వాన చప్పుడు వినిపిస్తుంది, రేకు మీద ఒకలా, తుమ్మచెట్టు మీద ఒకలా, నల్లరేగడి మీద అసలు చప్పుడే లేకుండా. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చిన నేల, ఇప్పుడు నెర్రెలన్నీ పూడ్చుకుని నిగనిగలాడుతుంటుంది. పట్టాల పక్క పత్తి చేలో ఒకే మొక్కకి లేత పసుపు పువ్వూ గులాబి పువ్వూ ఉన్నాయని పిల్ల చూపించింది. మొదటిరోజు విచ్చిన పువ్వు లేత పసుపు, మర్నాటికి అదే గులాబి. నిన్నటి రోజునీ ఇవాళ్టినీ పక్కపక్కన పెట్టుకుని తడుస్తున్న ఆ మొక్క ముందు బండి ఇంకో గంట ఆగినా బాగుండుననుకున్నాం.

పిడుగురాళ్ల వచ్చేసరికి రంగు మారిపోతుంది. సున్నపు బట్టీల ఊరు. గోడలు, చెట్ల ఆకులు, లారీలు అన్నీ తెల్లపొడి పూసుకుని ఉండేవి కాస్తా వానకి చారలు చారలుగా అసలు రంగు తేలతాయి. కాల్చిన సున్నాన్ని తడవనివ్వరు, నీళ్లు తగిలితే అది బుసబుసా పొంగి వేడెక్కుతుంది. కాల్షియం ఆక్సైడుకి నీళ్లు కలిపితే వేడి పుడుతుందని పదో తరగతి సైన్సు పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉంది. పరీక్షకి బట్టీపట్టిన ఆ సమీకరణం కిటికీ అవతల ఒక ఊరి బతుకుతెరువై కనిపించినప్పుడు పిల్ల ముఖం వెలిగిపోవడం చూశాను. “వీళ్లు రోజూ ఈ పాఠంతోనే బతుకుతున్నారా మావయ్యా!” అంది. ఏ ట్యూషను ఫీజుకీ దొరకని క్షణం అది.

నడికుడి దాటి పొందుగుల. అక్కణ్ణించి అందరం తలుపు దగ్గరికి కాదు, కిటికీల దగ్గరికి చేరతాం. ఆ నియమంలో మినహాయింపు లేదు. బండి వంతెన మీదికి ఎక్కగానే చప్పుడు మారుతుంది, గుండె కూడా మారుతుంది. కింద కృష్ణ. ఎడమ కిటికీలో సాగర్ వైపు, కుడి కిటికీలో పులిచింతల వైపు. నాగార్జునసాగర్‌కి 26 గేట్లు. ఎగువన శ్రీశైలం నిండి, సాగర్ నిండి, ఆ గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిన వారంలో ఈ వంతెన దాటాలి. పులిచింతల జలాశయం 45 టీఎంసీలకి పైగా పట్టేది, నిండితే వెనకనీళ్లు ఇక్కడిదాకా పరుచుకుంటాయి. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కలిసేదీ ఈ నదిలోనే. సహ్యాద్రి మీద పడ్డ వాన, మన చేలల్లో పడ్డ వాన, రెండూ మా కాళ్ల కింద ఒక్క రంగై పోతుంటాయి. పైనుంచి ఇంకా పడుతూనే ఉంటుంది. నది మీద వాన పడటం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. అక్కర్లేని చోట కూడా ఇంత ఇస్తుందా అనిపిస్తుంది.

ఈ నీళ్లకోసం ఒకప్పుడు ఎందరు తిరిగారో పిల్లకి ఆ వంతెన మీదే చెప్పాను. వావిలాల గోపాలకృష్ణయ్య గారిది మా సత్తెనపల్లే, 1906లో పుట్టారు. నాలుగుసార్లు ఎమ్మెల్యే అయి కూడా ఖద్దరు బట్టలతో, మామూలు మనిషిగా బతికారు. నందికొండ ప్రాజెక్టు, అంటే ఇప్పటి నాగార్జునసాగర్, కావాలని గొంతెత్తినవాళ్లలో ఆయనొకరు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. మా అమ్మ తినే వరి అన్నం ఆ కుడికాలువ చలవ. శ్రీనాథుడు పల్నాడు వచ్చి జొన్నకూడు తినలేక చాటువులు చెప్పాడంటారు. ఆ మహాకవిని ఒక్కసారి, సాగర్ గేట్లెత్తిన ఆగస్టులో, మాచర్ల బండి ఎక్కించాలని ఉంటుంది నాకు.

మాచర్ల బండిది వేరే నడక. ఒకప్పుడు మీటరుగేజి. గురజాల నలగాముడిది, మాచర్ల మలిదేవుడిది. అన్నదమ్ముల రాజధానుల మధ్య ఇప్పుడు ఒక టికెట్టు దూరం. కోడిపందెంతో రాజుకున్న పల్నాటి యుద్ధం కథ చెబుతుంటే పిల్ల మాచర్ల వైపు బ్రహ్మనాయుడి పక్షం వదిలి గురజాల వైపు నాగమ్మ పక్షం పట్టింది. గురజాల నుంచి రెంటచింతల దాకా వాదించింది. మేలో ఎండ లెక్కల్లో పేరు మారుమోగే రెంటచింతల ఆ రోజు తడిసి ముద్దై, గొడుగుల కింద మనుషులతో, ఎంత చల్లగా ఉందో! మాచర్లలో దిగి సాగర్ రోడ్డున పోతే ఎత్తిపోతల. ఊరి పక్కన నిమ్మళంగా పారే చంద్రవంకే అక్కడ తన వాగుల్ని కలుపుకుని 70 అడుగుల లోయలోకి దూకుతుంది. వేసవిలో సన్నటి ధార. వాన వారంలో ఎర్రమట్టి కలిసిన నీళ్లు, కట్లు తెంచుకున్న గిత్తల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ పడతాయి. మాట వినపడదు. పిల్ల నోరు తెరిచి ఏదో అరుస్తోంది, నేను తలూపాను. ఏమందో ఇప్పటికీ అడగలేదు.

రేపల్లె దారి గురించి ఎక్కువ చెప్పను. తెనాలి నుంచి చివరిదాకా పచ్చటి వరి మడులు, అంతే. ఆ అంతే చాలు.

వేటపాలెం మాత్రం చెప్పి తీరాలి. చీరాలకి దగ్గరి స్టేషను. వాన మరీ జోరుగా ఉండి, తడిచే ఓపిక లేని రోజున అక్కడికి వెళ్లాలి, ఎందుకంటే అక్కడ సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం. గాంధీజీ 1929లో వచ్చారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే దాచారు. పాత పత్రికల సంపుటాలు వరసగా ఉంటాయి. బయట కుండపోత, లోపల పాత కాయితం వాసన, బల్ల మీద వందేళ్లనాటి అక్షరాలు. పిల్ల ఫోను సంచిలో పెట్టేసి ఒక పాత పత్రికలో ప్రకటనలు చదువుతూ కూర్చుంది, నవ్వుతూ, నాకు చూపిస్తూ. తిరుగు బండికి లేపడం కష్టమైంది. వచ్చేటప్పుడు జీడిపప్పు కొనుక్కున్నాం. చీరాల వైపు చేనేత ఇళ్లలో ఆ రోజు మగ్గాలు ఆడటం లేదు, గుంటమగ్గంలోకి నీళ్లు ఊరితే నేత ఆగిపోతుంది. మనకి మంచి వాన పక్క వీధికి మంచిది కాకపోవచ్చునని పిల్ల అక్కడ నా నోటి నుంచి కాకుండా తన కళ్లతో తెలుసుకుంది.

ఇప్పుడు నల్లమల ప్రణాళిక నడుస్తోంది. ఉత్తర కార్తెకి. వినుకొండ, దొనకొండ, పలకలకి పేరుపడ్డ మార్కాపురం, గుండ్లకమ్మకి కట్ట వేసి వందల ఏళ్ల కిందట చెరువు చేసుకున్న కంభం, గిద్దలూరు. దిగువమెట్ట దాటాక అడవి. టేకు, వెదురు, మలుపులు, బొగద సొరంగం, గాజులపల్లె, చివరికి నంద్యాల. 1880లలో తొలిచిన కొండదారి అది. బ్రాడ్‌గేజికి మార్చినప్పుడు దారి పక్కకి జరిపారు, దొరబావి వంతెన పాత దారిలోనే మిగిలిపోయింది. కంభంలో దిగి చెరువు చూద్దామని నేనన్నాను. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల్లో చేరిన చెరువది. పిల్ల టైంటేబుల్ మీదనుంచి తలెత్తలేదు.

“కంభం ఇంకోసారి. ఈసారి ఎక్కడా దిగం. నంద్యాల్లో అరగంట ఉంటే చాలు, ఎక్కేసి వచ్చేద్దాం. అడవిని రెండుసార్లు చూడాలి మావయ్యా, పోయేటప్పుడు కుడిపక్క, వచ్చేటప్పుడు కూడా కుడిపక్క. అప్పుడు రెండు వైపులూ అయిపోతాయి.”

మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. మీటరుగేజి రోజుల్లో నంద్యాల పెళ్లికి పోతూ దొరబావి వంతెన మీద కిందికి చూసి, లోయ లోతుకి బండిలో ఆడవాళ్లంతా దణ్ణాలు పెట్టుకున్న సంగతి అప్పుడు చెప్పింది. నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. పిల్ల కాయితం మీద “టికెట్లు 2” కొట్టేసి 3 వేసింది, అమ్మమ్మకి కిటికీ సీటు రాసింది, పులిహోర ఎవరు కలపాలో అడిగింది.

“నేనే కలుపుతా. మీరు మబ్బు సంగతి చూసుకోండి” అంది మా అమ్మ.