నారదుని జాబితాలో లేని విద్య

ఛాందోగ్యోపనిషత్తు 7వ అధ్యాయంలో నారదుడు సనత్కుమారుని వద్దకు శిష్యుడిగా వచ్చి, వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, తర్కం, నక్షత్రవిద్య మొదలుగా తాను నేర్చినవన్నీ ఏకరువు పెట్టి (నేటివారు దాన్ని బయోడేటా అంటారు), ఇన్ని తెలిసినా శోకాన్ని దాటలేకపోయానని ఒప్పుకొంటాడు. ప్రపంచమంతా ఒకే అంగడిగా మారిన కాలంలో ఉన్నత పాఠశాల విద్యార్థులను ఉద్యోగాలకు సిద్ధం చేయాలన్న చర్చ సాధారణంగా ఈ జాబితా దగ్గరే ఆగి, ఇంగ్లీషు, కోడింగ్, నలుగురితో కలిసి పనిచేసే నేర్పు అంటూ దానికి కొత్త పద్దులు చేర్చడంతో ముగుస్తోంది. ఆ నేర్పులు తక్కువవి కావు. ముండకోపనిషత్తు అపరావిద్యను, అంటే వేదవేదాంగాలతో కూడిన శాస్త్రజ్ఞానాన్ని, పరావిద్యతో, అంటే అక్షరమైన, నాశనం లేని తత్త్వాన్ని తెలిపే విద్యతో పాటు తెలుసుకోదగినదిగానే చెప్పింది. కానీ నారదుని జాబితాకు లాగే ఈ కొత్త జాబితాకూ ఒక లోటు ఉంది: పని ఎవరి కోసమన్న ఎరుక.

భగవద్గీత 3వ అధ్యాయం కర్మకు ప్రయోజనంగా లోకసంగ్రహాన్ని, అంటే లోకం చెదిరిపోకుండా నిలపడాన్ని చెబుతుంది. ఊరి కుమ్మరికి ఆ లోకం తన కుండలో నీళ్లు తాగేవారే కనుక, వారి ముఖాలు అతడెరుగును. నేడు పని ఒక ఖండంలో జరిగితే దాని మంచిచెడ్డలు మరొక ఖండంలో పడుతున్నాయి. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించినా కుట్టుపనివారిని మర్నాడు లోపలికి రప్పించారు. అక్కడ కుట్టిన బట్టలు యూరప్, అమెరికా దుకాణాలకు చేరేవి. అలాంటి వ్యాపారంలో ధర బేరమాడేవారు, గడువు విధించేవారు, లెక్కలు రాసేవారు చాలావరకు చదువుకున్నవారే, తమ తమ పనుల్లో నేర్పరులే. ఫలాన్ని ఆశించవద్దన్న బోధను వారిలో ఎవరైనా ఫలితంతో తమకు నిమిత్తం లేదన్న అర్థంలో తీసుకుంటే అది గీతకు అపచారమే. గీత వదలమన్నది ఫలంపై మమకారాన్ని మాత్రమే, తన పని ఎవరిని తాకుతుందో ఎరిగి ఉండవలసిన బాధ్యత అలాగే మిగిలి ఉంటుంది.

పేదింటి పిల్లకు ముందు జీతం కావాలి, తత్త్వం తర్వాత చూసుకోవచ్చుననే వాదనలో నిజం లేకపోలేదు. అయితే పగుళ్లిచ్చిన భవనంలోకి అడుగుపెట్టవలసి వచ్చేది తరచు ఆ పిల్లే కాబట్టి, పని ఎవరిని తాకుతుందన్న ఈ ప్రశ్న అందరికంటే ఆమెకే ముందుగా అందాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి అర్థశాస్త్రంలో ప్రపంచీకరణపై పాఠం ఎలాగూ ఉంది. ఒంటిమీది చొక్కా ఎన్ని చేతులు దాటి వచ్చిందో ఆ పాఠం చెప్పేటప్పుడే విద్యార్థుల చేత వెతికించవచ్చు, అందుకు వేరే సబ్జెక్టు అక్కర్లేదు.