తెరిచి ఉన్న తలుపు

గూడెంలో తలుపు తెరిచే ఉన్నా, గడప దగ్గర ఆగి పిలిచి గానీ లోపలికి పోం. ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టిన పాత రికార్డుల దగ్గర కూడా ఈ మర్యాద పాటించాలా? జపాన్ ఉదాహరణతో ఆలోచిద్దాం.

జపాన్ పార్లమెంటు లైబ్రరీ, నేషనల్ ఆర్కైవ్స్ లక్షల కొద్దీ పాత పుస్తకాలను, పటాలను, సర్కారు కాగితాలను డిజిటల్ రూపంలో పెట్టాయి. చేతిలో సెల్‌ఫోన్ ఉంటే ఉట్నూరు నుంచైనా పాడేరు నుంచైనా చూడొచ్చు. అయితే ఉత్తరాన హొక్కైదో దీవిలోని ఆదివాసులైన ఐనూల గురించి వెతికితే ముందు ఒక చెడ్డ మాట ఎదురవుతుంది. 1899లో వాళ్ల 'రక్షణ' కోసమని చేసిన చట్టం పేరులోనే వాళ్లను 'క్యూ దోజిన్' అన్నారు. ఒకప్పటి ఆటవికులు అని దాని భావం. వేట మీద, చేపల మీద బతికిన జనాన్ని వ్యవసాయంలోకి, జపనీస్ బడుల్లోకి నెట్టిన చట్టమది. 1997లో దాన్ని రద్దు చేశారు. పాత కాగితాల మీద మాత్రం ఆ పేరు అలాగే ఉంది. ఆ మాటతో వెతక్కపోతే చాలా కాగితాలు దొరకవు. మేమనుకునేది ఇది: వెతకడానికి ఆ మాట వాడక తప్పదు. మనం రాసేటప్పుడు మాత్రం ఐనూ అనే రాయాలి. వాళ్ల భాషలో ఐనూ అంటే మనిషి.

ఇంకో తలుపు తెరిస్తే చిరి యుకియే కనిపిస్తుంది. 1903లో పుట్టిన ఐనూ అమ్మాయి. అవ్వ దగ్గర విన్న దేవతల పాటలను ఐనూ మాటల్లోనే రాసి, పక్కన జపనీస్ అర్థం పెట్టింది. 1922లో, 19 ఏళ్లకే గుండెజబ్బుతో పోయింది. పుస్తకం 1923లో వచ్చింది. వాలంటీర్లు నడిపే అవొజోరా బుంకో అనే డిజిటల్ లైబ్రరీలో ఇవాళ ఉచితంగా దొరుకుతుంది. అధికారి రాసిన కాగితం ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది. ఆ ఇంటి పిల్ల రాసిందీ చదవాలి.

మరి అన్నీ తెరవాలా? 1872లో జపాన్ తయారుచేసిన కుటుంబ రిజిస్టర్లలో కొందరి పాత అంటరాని పుట్టుక కూడా తెలిసేలా రాశారు. పెళ్లికి, ఉద్యోగానికి ముందు జనం ఆ పుట్టుకను ఆరా తీసేవారు. అందుకే 1968లో వాటిని ఎవరూ చూడకుండా మూసేశారు. చరిత్రను దాస్తే అన్యాయానికి సాక్ష్యం పోతుందని కొందరంటారు. అదీ నిజమే. కానీ జరిగిన అన్యాయాన్ని చెప్పడం వేరు, బతికున్నవాళ్ల ఇంటిని వేలెత్తి చూపడం వేరు.

ఇది మన ముంగిట్లోకీ వచ్చిన ప్రశ్నే. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య హైమెన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ డిజిటల్ సంగ్రహంలో ఉన్నాయి. టీచర్లు వాటిని తరగతిలో చూపే ముందు గూడెం పెద్దలకు చూపాలి. పేరు లేని ఒక ముఖాన్ని చూసి ఎవరో ఒక ముసలమ్మ 'ఈమె మా అమ్మ' అనొచ్చు. ఆ పేరు ఫొటో కింద రాయాలా వద్దా అనేది ఆ ఇంటివాళ్లే చెప్పాలి.