నలుగురు మోసిన పరుపు

మూలవాక్యము: మార్కు 2:1–12



మనుష్యుడు ఎట్లు బ్రదికినను కడకు మోయుటకు నలుగురు కావలెనని మన తెలుగువారిలో ఒక మాట గలదు. ఆ నలుగురి కొరకే మంచి సంపాదించుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. అయితే మార్కు సువార్త రెండవ అధ్యాయములో మనకు వేరొక నలుగురు కనబడుచున్నారు. వీరు మోసినది పాడె కాదు, పరుపు. వీరు నడిచినది శ్మశానమునకు కాదు, ప్రభువున్న యింటికి. చనిపోయిన పిమ్మట మోయు నలుగురు ప్రతి యూరిలోను దొరకుదురు. బ్రదికియుండగానే మోయు నలుగురు మన సంఘములో నున్నారా? ఈ నెల మనము ధ్యానింపవలసిన ప్రశ్న ఇదియే.

మోయవలసినవారు కొద్దిమంది కారు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి పరిశోధన ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల మందికి చక్కెర వ్యాధి యున్నది. మరి 13 కోట్లకు పైగా జనులు ఆ వ్యాధి గడపలో నిలిచియున్నారు. రక్తపు పోటు సంగతి చెప్పనక్కరలేదు. అది చప్పుడు చేయదు, నొప్పి పెట్టదు. ఒక దినమున గుండెపోటుగానో పక్షవాతముగానో బయటపడును. మన సంఘపు బల్లలమీద కూర్చున్నవారిని వరుసగా లెక్కించి చూడుడి. ఈ మూడింటిలో ఒక్కటైనను తాకని కుటుంబములు ఎన్ని మిగులును?

మన పాఠములోని నలుగురికి ఆటంకమైనది ఏది? దూరము కాదు, బరువు కాదు, ఖర్చు కాదు. జనసమూహము. వాక్యము వినవచ్చిన భక్తిగల జనులే వాకిట నిండియుండి, రోగిని లోనికి పోనియ్యలేదు. వారు చెడ్డవారు కారు. తమ వీపు వెనుక ఎవడున్నాడో చూడలేదు, అంతే. ఈ మాట చదివినప్పుడెల్ల నా మనస్సాక్షి నన్ను గద్దించును. అందుకు కారణము మీతో దాచక చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు ప్రేమవిందులో మా సంఘపు పెద్ద ఒకరు తన విస్తరిలోని లడ్డును ప్రక్కకు తీసిపెట్టిరి. ఆయనకు చక్కెర వ్యాధి యున్నదని నేనెరుగుదును. అయినను నవ్వుచు, “ఒక్కదానికి ఏమి కాదులెండి పెద్దయ్యగారూ, పండుగ కదా!” అంటిని. చుట్టునున్నవారు నవ్విరి. కాపరి మాట త్రోసివేయలేక ఆయన తినెను. అది ఒక్కసారి జరిగినది కాదు. పుట్టినరోజు కేకు, కృతజ్ఞతకూడిక బిర్యాని, ఇంటింట తీపి టీ, శీతల పానీయములు. ప్రతిసారియు ఎవరో ఒకరు ఆ మాటే యనిరి, పలుమార్లు అది నేనే. తరువాత ఆయన పాదమునకు చిన్న పుండు లేచినది. స్పర్శ లేనందున ఆయనకు తెలియలేదు. మొదట వ్రేలు, పిదప పాదము తీసివేయవలసి వచ్చెను.

ఒక లడ్డువలన పాదము పోయెనని నేననను. కాని ఆసుపత్రి మంచముమీద ఆయన నాతో ననిన మాటను మరువలేను. “ఇంటిలో నోరు కట్టుకొనుట కష్టము కాదండి అయ్యగారూ, మా కోడలు చూచుకొనును. గుడికి వచ్చిన దినముననే కష్టము.” ఆయన నన్ను నిందింపలేదు. ఉన్నమాట చెప్పెను. ప్రియులారా, స్వస్థపరచు ప్రభువు నామమున కూడుకొను స్థలమే ఒక రోగికి వారములో మిక్కిలి ప్రమాదకరమైన స్థలమాయెను. వాకిలి నడ్డగించిన జనసమూహములో ముందు వరుసను నేనే నిలిచియుంటిని.

ఒంటరిగా చేయలేనిదానిని జనులు కూడి చేసినయెడల ఏమగునో చూపుటకు ఒక నిజమైన వృత్తాంతము చెప్పెదను. ఫిన్లాండు దేశపు తూర్పు అంచున ఉత్తర కరేలియా అను మండలము గలదు. అది అడవులు, సరస్సులు, పాడి పశువులు గల ప్రాంతము. 1960 దశాబ్దమున అచటి నడివయస్సు పురుషులు గుండెజబ్బువలన భయంకరమైన సంఖ్యలో చనిపోవుచుండిరి. దట్టముగా వెన్న పూసిన రొట్టె, మీగడ తీయని పాలు, అధికమైన ఉప్పు, పొగాకు, కూరగాయలు దాదాపు లేని భోజనము వారి వాడుక. 1971లో ఆ మండలపు ప్రతినిధులు సహాయము చేయుమని ప్రభుత్వమునకు విన్నపము వ్రాసిరి. 1972లో పెక్కా పుస్కా అను యువ వైద్యుని నాయకత్వమున పని మొదలాయెను.

ఆయన ఆసుపత్రులను మాత్రమే నమ్ముకొనలేదు, గ్రామ స్త్రీల సహాయమును కోరెను. ఆ స్త్రీల సమాజము పేరు వినినయెడల మీరు సంతోషింతురు. అది మార్తా సమాజము. 1899లో స్థాపింపబడిన ఆ సమాజమునకు బేతనియలో ప్రభువునకు ఉపచారము చేసిన మార్త పేరే పెట్టబడెను. ఆ స్త్రీలు ఊరూర విందులు చేసి, ప్రాత వంటకములనే వెన్నయు ఉప్పును తగ్గించి, కూరగాయలు చేర్చి వండి వడ్డించిరి. తరువాతి కాలమున కొలెస్టరాలు తగ్గించుకొనుటలో ఊరికి ఊరు పోటీపడెను. పాడి రైతులలో కొందరు బెర్రీ పండ్ల సాగునకు మరలిరి. సుమారు 35 ఏండ్లలో, పనిచేయు వయస్సుగల పురుషులలో గుండెజబ్బు మరణములు నూటికి 80 వంతులకు పైగా తగ్గెను. మెరుగైన వైద్యమును కొంత తోడ్పడెను గాని, ఎక్కువ భాగము జనుల అలవాట్లు మారుటవలననే కలిగెను.

మనము ప్రసంగములలో మార్తను గద్దించుటకే అలవాటుపడితిమి. ప్రభువు ఆమె తొందరను సరిదిద్దెను గాని ఆమె వంటను తృణీకరింపలేదు. మార్త పేరు పెట్టుకొనిన స్త్రీల వంటగది ఒక మండలమునే కాపాడుటకు తోడ్పడెను. మన స్త్రీల సమాజపు తల్లులారా, మీ చేతి గరిటె ఎంతటి పరిచర్యయో చూచితిరా?

అది దూరదేశము, మన శరీరతత్వము వేరని ఎవరైనను అనవచ్చును. మన పొరుగుననున్న చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ గారును ఆయన సహచరులును చక్కెర వ్యాధి గడపలోనున్న 531 మందిని పరీక్షించి, 2006లో ఫలితములు ప్రకటించిరి. మామూలు సలహాతో విడిచిపెట్టబడినవారిలో మూడేండ్లలో నూటికి 55 మంది వ్యాధిగ్రస్తులైరి. దినమునకు అరగంట వడిగా నడచి, తీపియు నూనెయు మెత్తని తెల్లని పిండివంటలును తగ్గించి, పీచుగల ఆహారము తినుడని మాటిమాటికి హెచ్చరింపబడినవారిలో నూటికి 39 మంది మాత్రమే వ్యాధిగ్రస్తులైరి. నూటికి 16 మంది! ఆ 16 మందిలో ఒకడు నీ భర్త కావచ్చును, ఒకతె నీ తల్లి కావచ్చును.

ఇచట మూడు అపాయములను గూర్చి హెచ్చరింపవలసియున్నది.

మొదటిది, రోగిని పాపిగా చూడకుడి. పుట్టు గ్రుడ్డివానిగూర్చి శిష్యులు అడిగిన ప్రశ్నను ప్రభువు అంగీకరింపలేదు (యోహాను 9). ఈ వ్యాధులు వంశమువలన, బీదతనమువలన, వయస్సువలన కూడ వచ్చును. కూలికి పోయి వచ్చి అందరికి వడ్డించి, మిగిలిన చారన్నము తిను తల్లితో సమతుల ఆహారమని ఉపన్యాసము చెప్పుట సులభము. ఆమె విస్తరిలో పప్పును ఆకుకూరయు పడునట్లు ఆ యింటి పురుషులు చూచుట పరిచర్య.

రెండవది, భోజనమును రక్షణ మార్గముగా చేయకుడి. దేవుని రాజ్యము తినుటలోను త్రాగుటలోను లేదని అపొస్తలుడు బోధించెను (రోమా 14:17). జొన్నరొట్టె తినువాడు బిర్యాని తినువానికంటె పరిశుద్ధుడు కాడు. దేహము పరిశుద్ధాత్మకు ఆలయము గనుక దానిని కాపాడుదుము (1 కొరింథీ 6:19). ఆలయమును ఊడ్చినందువలన దేవుని ప్రేమ సంపాదింపబడదు. ఆయన మనలను ప్రేమించెను గనుక ఊడ్చుదుము.

మూడవది, విశ్వాసము పేరట మందులు మానకుడి. ఇన్సులిను గాని చక్కెర మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఉపవాస ప్రార్థనలో దినమంతయు ఉండరాదు. చెమటలు పట్టి, చేతులు వణకి, కన్నులు తిరిగినయెడల చక్కెర మిక్కిలి తగ్గినదేమోయని వెంటనే ఏదైన తీపి పుచ్చుకొనవలెను. అట్లు ఉపవాసము విడుచుట పాపము కాదు.

ఇక మనము చేయవలసినదేమి? పాఠములో నలుగురు నాలుగు మూలలు పట్టుకొనిరి. మనకును నాలుగు మూలలున్నవి.

మొదటి మూల, ప్రేమవిందు. బిర్యాని వండవద్దని చెప్పుటలేదు. అన్నము కొంత తగ్గించి, పప్పు, ఆకుకూర, కీరదోస ముక్కలు విరివిగా వడ్డింతము. శీతల పానీయమునకు బదులు ఉప్పు తగ్గించిన మజ్జిగ ఇత్తము. జొన్నలు, రాగులు, కొర్రలు మంచివే గాని, అవియు మితముగానే తినవలెను. ఉప్పు దినమునకు మనిషికి చిన్న చెంచాడు మించరాదు. పచ్చడి, అప్పడము, వడియములలోనిది కూడ ఆ లెక్కలోనిదే. అన్నిటికంటె ముఖ్యముగా, “ఒక్కదానికి ఏమి కాదు” అను మాటను మన విందులనుండి వెళ్లగొట్టుదము.

రెండవ మూల, నడక. వారమునకు 150 నిమిషములైనను వడిగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు చాలును. ఒంటరిగా వీధిలో నడచుటకు జంకు స్త్రీలకు గుంపే రక్షణ.

మూడవ మూల, పరీక్ష. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును రక్తపు పోటును చక్కెరను చూపించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునకు ఒంటరిగా పోలేని వృద్ధులతో ఒక యౌవనస్థుడు తోడు పోవలెను.

నాలుగవ మూల, పరామర్శ. నాలుగు దినములు రానివానిని, “ఎందుకు రాలేదు?” అని గద్దింపక, “ఒంట్లో ఎట్లున్నది?” అని అడుగుటకు ఒకరుండవలెను.

మా సంఘములో ఈ నడక మొదలుపెట్టినప్పుడు తొలినాడు పదునొకండుగురు వచ్చిరి. మూడవ వారమునకు నలుగురే మిగిలిరి. నేను నిరాశపడితిని. అప్పుడు పాదము పోగొట్టుకొనిన ఆ పెద్దగారు కర్ర ఊతముగా వచ్చి, గుడి ఆవరణలో వేపచెట్టు క్రింద కుర్చీ వేయించుకొని, చేత పుస్తకము పట్టుకొని కూర్చుండిరి. “నేను నడువలేను గాని పేర్లు వ్రాయగలను. నలుగురు చాలునండి అయ్యగారూ, కపెర్నహూములో వచ్చినది నలుగురే కదా” అనిరి. ఆయన రాని వారికి కబురు పంపుదురు. ఆయన కబురు పంపినయెడల రాకుండుట ఎవరికిని సాధ్యము కాదు. నేడు ఆ పుస్తకములో చాల పేర్లున్నవి. నా పేరు కూడ నున్నది, నా రక్తపు పోటు కూడ వ్రాయబడియున్నది. నేను మోయువాడనని తలంచితిని. నన్నే వారు మోయుచున్నారు.

ప్రభువు ఆ నలుగురి విశ్వాసము చూచెనని వాక్యము చెప్పుచున్నది. విశ్వాసము కంటికి కనబడునా? వారి చెమటలోను, భుజములమీది ఒరిపిడిలోను, విప్పబడిన యింటి కప్పులోను అది కనబడెను. ఆ యింటివాడు తన కప్పు పోయినందుకు గొణిగినట్లు వ్రాయబడలేదు. మన వాడుకలలో కొన్ని కప్పులు విప్పవలసియున్నది. ఒక సహోదరుడు ప్రభువు పాదములయొద్దకు దిగుటకు అది చాల తక్కువ వెల.

ప్రార్థన: మా ప్రభువా, మేము వాకిట నడ్డముగా నిలిచిన దినములను క్షమించుము. మా వీపు వెనుకనున్న రోగిని చూచు కన్నులిమ్ము. మా వంటగదులను, మా విందులను, మా అడుగులను నీకు అప్పగించుచున్నాము. ఒకరి పరుపు ఒకరము మోయుటకు మా భుజములకు బలమిమ్ము. ఆమేన్.