మూత తియ్యకుండానే ఉడకలేదంటావా?

ఇలా వచ్చి కూర్చో నాయనా. ఈ గడప పక్కనే కూర్చో, గాలి వస్తుంది. ఇందాక మెట్లెక్కుతూనే ఫలానా ఆయన పుస్తకం ఉట్టి చెత్త అన్నావు. ఆయన పేరు ఇప్పుడెందుకులే, రోజూ రాత్రి టీవీలో కూర్చుని నలుగురి మీదా గొంతు పెంచే మనిషి. చదివావా అని అడిగాను. "రోజూ వింటూనే ఉన్నాంగా అమ్మమ్మా, ఇంక చదవడం ఎందుకు?" అన్నావు. నిన్న ఎదురింటమ్మాయి అదే పుస్తకాన్ని ఆకాశానికెత్తింది. ఆ పిల్లనీ అడిగాను. తనూ చదవలేదు. ఆయన మొహమాటం లేకుండా మాట్లాడతాడని తనకి ఇష్టం. ఆ ఇష్టం కొద్దీ పుస్తకం కూడా బాగుందనేసింది. ఇద్దరూ మంచి పిల్లలే. ఎవరికీ అన్యాయం చెయ్యాలని మీకు లేదు, నాకు తెలుసు. మనసు మంచిదే, నోటికే తొందర.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. చాలు, నేనూ కాదనను. కానీ ఆ మెతుకు పట్టుకోవాలంటే ముందు గిన్నె మూత తియ్యాలి కదరా. వంటవాడి మొహం చూసి అన్నం ఉడకలేదంటే ఎలా? వంటవాడి మొహం చూసి కమ్మగా ఉందన్నా అంతే.

పాతికేళ్ళు శాఖా గ్రంథాలయంలో పుస్తకాలిచ్చి పుచ్చుకున్నదాన్ని. పుస్తకం వెనక్కి రాగానే తేదీ చీటీ చూసి, తర్వాత ఊరికే పేజీలు తిప్పేదాన్ని. పెన్సిలు గీతలు ఎక్కడిదాకా ఉన్నాయో చూస్తే మనిషి ఎంతదాకా చదివాడో తెలిసిపోయేది. అట్ట లోపలే పెద్దపెద్ద అక్షరాలతో తిట్టు రాసినవాళ్ళుండేవారు. ఆ తర్వాతి పేజీలు మాత్రం మడత విప్పని చీరలా ఉండేవి. "మహాద్భుతం" అని రాసినవాళ్ళ పేజీలూ చాలాసార్లు అలాగే ఉండేవి.

రంగనాయకమ్మగారి రామాయణ విషవృక్షం మొదటి భాగం 1974లో వచ్చింది. విశ్వనాథవారి రామాయణ కల్పవృక్షానికి జ్ఞానపీఠం వచ్చి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. మా గ్రంథాలయంలో రెండూ ఉండేవి. ఒకదాన్ని ముట్టుకున్నవాళ్ళు రెండోదాన్ని ముట్టుకోకపోవడమే ఎక్కువ. కానీ విషవృక్షం ప్రతిలో ఒకచోట ఇద్దరు పాఠకులు మార్జిన్లలో పోట్లాడుకున్నారు. "వాల్మీకంలో ఇలా లేదు" అని ఒకరి రాత. దానికింద వేరే చేతిరాతతో "ఉంది, చూడండి" అని కాండ, సర్గ, శ్లోకం అంకెలు. మళ్ళీ మొదటాయన, "చూశాను. అర్థం మీరు చెప్పినట్టు కాదు." ఇలా పేజీలకి పేజీలు. పుస్తకాల మీద రాయకూడదన్నది నేను పెట్టిన నియమమే. అయినా రబ్బరు తీసుకుని అవి చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. వాళ్ళిద్దరూ ఎవరో నాకు తెలియదు గానీ, ఇద్దరూ ఆ పుస్తకాన్ని చదివారు. దాని కోసం ఇంకో పుస్తకం కూడా తీశారు. అంత శ్రద్ధగా పోట్లాడుకున్నవాళ్ళని నేనేం తప్పు పడతాను?

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను, విను.

2012లో అమ్మాయి దగ్గరికి వర్జీనియా వెళ్ళాను. హాల్లో బల్ల మీద కిల్లింగ్ లింకన్ అనే పుస్తకం ఉంది. బిల్ ఓరైలీ అని, అక్కడ ఫాక్స్ న్యూస్‌లో రోజూ రాత్రి ఎనిమిదింటికి వచ్చేవాడు. 1996 నుంచీ అదే కార్యక్రమం. వచ్చినవాళ్ళ మాటకి అడ్డం పడేవాడు, వేలు చూపించేవాడు, అన్నదాని మీదే పట్టుబట్టేవాడు. ఆయన, మార్టిన్ దుగార్డ్ అనే ఇంకో రచయిత కలిసి 2011లో ఆ పుస్తకం తెచ్చారు. లక్షల్లో అమ్ముడుపోయింది. మా అల్లుడుగారికి ఆ మనిషంటే గురి. అప్పుడే కాలేజీలో చేరిన మా మనవడికి ఆయన గొంతు వినపడితేనే ఒళ్ళు మంట. రోజూ అన్నాల దగ్గర ఇదే గొడవ. తండ్రి ఆ పుస్తకాన్ని వచ్చినవాళ్ళకి కనిపించేలా నిలబెట్టేవారు. కొడుకు వచ్చి దాన్ని బోర్లా తిప్పేవాడు. మధ్యలో మా అమ్మాయి వడ్డించిన పులుసు చల్లారిపోయేది. వారం రోజులు చూశాను. ఒకనాడు ఇద్దర్నీ కలిపి అడిగాను, చదివారా అని. అల్లుడుగారు తల దించుకుని, మొదటి రెండు అధ్యాయాలండీ అన్నారు. మనవడు అసలు తెరవనేలేదు.

చూశావా? ఇంట్లో వారం రోజులు అన్నం చల్లారిపోయింది, ఎవరూ పూర్తిగా చదవని పుస్తకం గురించి.

సరే, నేనే చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని పది రోజులు పట్టింది. నిజం చెబుతాను, ఆపబుద్ధి కాలేదు. చిన్నచిన్న అధ్యాయాలు, కళ్ళముందు జరుగుతున్నట్టే రాత. ఓరైలీ కుర్రతనంలో ఫ్లోరిడాలో హైస్కూలు పిల్లలకి చరిత్ర చెప్పాడట. క్లాసులో నిద్రపోయే పిల్లాణ్ణి లేపడం ఎలాగో తెలిసిన రాత అది. చరిత్ర పుస్తకం జోలికి ఏనాడూ పోనివాళ్ళు దాన్ని రెండు రాత్రుల్లో పూర్తి చేశామని చెప్పుకున్నారంటే నేను నమ్ముతాను. అది చిన్న విషయం కాదు.

తర్వాత మనవణ్ణి తోడు తీసుకుని వాషింగ్టన్‌లో టెంత్ స్ట్రీట్ మీదున్న ఫోర్డ్స్ థియేటర్‌కి వెళ్ళాను. 1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకం చూస్తున్న అమెరికా అధ్యక్షుడు లింకన్‌ని కాల్చిన చోటు. కాల్చిన జాన్ విల్క్స్ బూత్ తనూ నటుడే. నాటకంలో జనం గొల్లున నవ్వే చోటు ఏదో వాడికి తెలుసు. ఆ నవ్వుల్లో తుపాకి చప్పుడు కలిసిపోతుందని లెక్క వేసుకున్నాడు. లింకన్‌ని ఎదురుగా ఉన్న పీటర్సన్ గారింటికి మోసుకెళ్ళారు. ఆయన పొడుగుకి మంచం చాలక ఐమూలగా పడుకోబెట్టారు. తెల్లారాక ఏడు దాటి ఇరవై రెండు నిమిషాలకి పోయాడు. ఆ ఇంటి పక్కనే, ఆ ఏడాదే తెరిచిన కేంద్రంలో, లింకన్ మీద వచ్చిన పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గోపురంలా నిలబెట్టారు, ముప్ఫైనాలుగు అడుగుల ఎత్తు. కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూశాను. ఒక్క మనిషి గురించి ఇన్ని!

ఆ థియేటర్ దగ్గరే ఈ పుస్తకానికి పరీక్ష జరిగింది. ఆ చారిత్రక స్థలాన్ని చూసే నేషనల్ పార్క్ సర్వీసులో డిప్యూటీ సూపరింటెండెంట్‌గా ఉన్న ఆవిడ పుస్తకం చదివి, ఫలానా పేజీలో ఫలానా తప్పు అని జాబితా రాసింది. లింకన్ వైట్‌హౌస్‌లోని ఓవల్ ఆఫీసులో ఉన్నట్టు అందులో రాశారు. ఆ గది 1909లో కట్టింది. లింకన్ చచ్చిపోయాక నలభైనాలుగేళ్ళకి! ఆయన పనిచేసుకున్న గది మేడ మీద వేరే ఉంది. మీ తాతగారు పోయాక వేసిన వసారాలో ఆయన కూర్చుని పేపరు చదువుకునేవారని ఎవరైనా రాస్తే నీకెలా ఉంటుంది? వసారాదేముంది, చిన్న పొరపాటే అనొచ్చు. కానీ ఆ ఇంటి మనిషివి కాబట్టి నీకు తెలుస్తుంది, ఆ రాసినాయన లోపలికొచ్చి చూడలేదని. థియేటర్ తగలబడింది 1862 డిసెంబరులో అయితే 1863 అన్నారు. మాటమాటకీ ఆధారం ఎక్కడిదో చూపించలేదు. అందుకని 2011 నవంబరులో నేలమాళిగలో ఉన్న పార్క్ వాళ్ళ పుస్తకాల కొట్లో అది అమ్మొద్దన్నారు. అదే భవనంలో పైన లాబీలో, థియేటర్ సొసైటీ వాళ్ళ కొట్లో మాత్రం అమ్మారు. ఒకే కప్పు కింద రెండు కొట్లు, రెండు అభిప్రాయాలు. భవనమేమీ కూలిపోలేదు.

నాకు నచ్చింది అదే నాయనా. ఆవిడ ఓరైలీ గొంతు గురించి రాయలేదు, ఆయన ఎవరికి ఓటెయ్యమంటాడో రాయలేదు. పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని, పేజీ అంకె వేసి చెప్పింది. ఆయనకి కోపం వచ్చింది, విమర్శించినవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు కూడా. కానీ చిన్న తప్పులు కొన్ని ఉన్నాయనీ, దిద్దామనీ ఒప్పుకున్నాడు. పేజీ అంకె చూపిస్తే ఎంత పెద్ద గొంతైనా ఆ పేజీ దగ్గరికి రావాల్సిందే. "చెత్త" అంటే ఏం దిద్దుతాడు చెప్పు? "అద్భుతం" అంటే మాత్రం ఏం దిద్దుతాడు?

ఇంకోటి కూడా చూడు. ఆయన్ని తప్పుపట్టేవాళ్ళంతా అవతలి పక్షమే అనుకుంటావు. 2015లో ఆయనే ఇంకో అధ్యక్షుడి మీద కిల్లింగ్ రీగన్ అని పుస్తకం తెచ్చాడు. దాని మీద గట్టిగా రాసింది జార్జ్ విల్ అనే పత్రికా రచయిత. విల్ కూడా ఓరైలీలాగే సంప్రదాయవాదే, అదే ఛానల్లో కనిపించేవాడే. రీగన్ దగ్గర పనిచేసినవాళ్ళని అడక్కుండా రీగన్ గురించి రాస్తావా అన్నది విల్ మాట. వాళ్ళు తమ మనిషిని వెనకేసుకొస్తారు కాబట్టే అడగలేదన్నది ఓరైలీ మాట. ఓరైలీ కార్యక్రమంలోనే ఇద్దరూ అరుచుకున్నారు. అరుపులు వదిలెయ్, నాకవి నచ్చవు. కానీ విల్ పుస్తకం చదివి వచ్చాడు. మన పక్షం మనిషి కదా అని కళ్ళు మూసుకోలేదు. నీకిష్టమైన మనిషి పుస్తకంలో ఒక్క తప్పు నువ్వే పట్టుకోగలవా? నీకు గిట్టని మనిషి పుస్తకంలో ఒక్క మంచి పేజీ చూపించగలవా? ఎదురింటమ్మాయినీ ఇదే అడుగుతాను, నిన్నొక్కణ్ణే అనుకోకు.

"మరి మనిషే మంచివాడు కాకపోతే?" అంటావు. అడగాల్సిన మాటే. ఆడవాళ్ళని వేధించాడన్న ఆరోపణలు, డబ్బిచ్చి సర్దుకున్నారన్న వార్తలు బయటికొచ్చి, 2017 ఏప్రిల్లో ఓరైలీ ఆ ఛానల్ నుంచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. తను తప్పు చెయ్యలేదనే ఆయన అన్నాడు. అది చదివాక మా అమ్మాయి, ఇక ఆయన పుస్తకం మా ఇంట్లోకి కొనను అంది. నేను సరేనన్నాను. అది దాని ధర్మం, దాని డబ్బు. కానీ అది చెప్పిన తీరు చూడు. "ఆయన మీద వచ్చిన మాటల వల్ల కొనను" అంది. పుస్తకం బాలేదు అనలేదు. రెండూ వేరువేరు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే దుత్త పగులుతుంది, అత్తకేమవుతుంది? కోపం ఎవరి మీదో వాళ్ళ పేరు పెట్టి చెప్పు. మనిషి మీదయితే మనిషి మీద అను, అభిప్రాయం మీదయితే అభిప్రాయం మీద అను, రాత మీదయితే పేజీ చూపించు.

అన్నిటికన్నా నీకు కష్టమైన మాట ఒకటుంది. "నేను చదవలేదు." ఈ మాట అనడానికి మీ వయసు పిల్లలు ఎందుకంత సిగ్గుపడతారో నాకు అర్థం కాదు. నలుగురు కూర్చున్నచోట అందరూ తలో తీర్పూ చెబుతుంటే, చదవలేదంటే తక్కువైపోతామనుకుంటారు. ఏమీ తక్కువ కారు. గ్రంథాలయంలో ఉన్న పుస్తకాల్లో నేను చదవనివే ఎక్కువ. ఎవరైనా అడిగితే చదవలేదండీ, మీరు చదివి చెప్పండి అనేదాన్ని. వాళ్ళు చదివి, తిరిగి ఇచ్చేటప్పుడు పది నిమిషాలు నిలబడి చెప్పేవారు. ఆ పది నిమిషాలే నాకు మిగిలిన చదువు. చదివానన్నట్టు తలూపి ఉంటే అది నాకు దక్కేది కాదు.

ఆ రోజు థియేటర్ నుంచి తిరిగొస్తూ రైల్లో మనవడు చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక బల్ల మీద బోర్లా ఉన్న పుస్తకాన్ని తనే తిప్పి, లోపలికి పట్టుకుపోయాడు. రెండో వారం అన్నాల దగ్గర, "నాన్నా, ఆ ఓవల్ ఆఫీసు అన్నచోటు చూశారా?" అన్నాడు. అల్లుడుగారు, "ఏదీ, చూపించు" అన్నారు. ఇద్దరూ ఎంగిలి చేతులు కడుక్కుని వచ్చి దీపం కింద కూర్చున్నారు. ఓరైలీ గురించి వాళ్ళ అభిప్రాయాలు ఈనాటికీ కలవలేదు, కలవక్కర్లేదు కూడా.

నువ్వు అన్న పుస్తకం నా దగ్గర లేదు, గ్రంథాలయంలో ఉందేమో అడుగుతాను. ఈలోగా ఈ కిల్లింగ్ లింకన్ పట్టుకెళ్ళు. కిందటిసారి వచ్చినప్పుడు మా మనవడే తెచ్చిచ్చాడు. పెన్సిలు గీతలు వాడివి, నీలం ఇంకు అల్లుడుగారిది. నూట ఎనభయ్యో పేజీ దగ్గర ఇద్దరూ ఒకే వాక్యం కింద గీశారు, చూడు. నీ తర్వాత ఎదురింటమ్మాయికి ఇయ్యి. మార్జిన్లలో ఇంకా బోలెడు చోటుంది. అదిగో, ఆ గూట్లో పెన్సిలుంది, తీసుకో.